నా నంబరు మీద ఏడు కేసులు, ఒక్కదాంట్లోనూ సంతకం నాది కాదు

బైరాగిపట్టెడ లాయరమ్మ:

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగు రాస్తున్నా, ఓపిక పట్టండి.

నేను 2011లో ఎన్‌రోల్ అయినాను, అంటే బార్ కౌన్సిల్‌లో లాయరుగా పేరు నమోదైంది. అప్పటికి రాష్ట్రం ఒక్కటే, హైదరాబాద్ హైకోర్టు ఆవరణలో గౌను వేసుకుని ప్రమాణం చేసి వచ్చినాం. తర్వాత ఆరేళ్లు చిత్తూరులో ఒక సీనియర్ గారి దగ్గర. పొద్దున తిరుపతి బస్టాండులో ఏడున్నర బస్సు, రాత్రికి ఇల్లు. 2017లో బాబు పుట్టినాక మానేసినాను. మళ్లీ పోదాం పోదాం అనుకుంటానే ఎనిమిదేళ్లు గడిచిపోయినాయి. నల్లకోటు బీరువాలో పెళ్లి చీరల కింద ఉంది.

మూడు వారాల కిందట ఆదివారం సాయంత్రం ఒక ముసలాయన, ఆయన భార్య మా ఇంటి గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఇరాల దగ్గర పల్లె. చిత్తూరు కోర్టు బయట టీ అంగట్లో అడిగి, నా క్లాస్‌మేట్ ఒకమ్మాయిని పట్టుకుని, నా అడ్రసు తెలుసుకుని బస్సెక్కి వచ్చినారు. చేతిలో పసుపు గుడ్డసంచి. అందులో వకాల్తా జిరాక్సు, అంటే ఫలానా వకీలే మా తరఫున నడుపుతారని కక్షిదారు రాసిచ్చే కాగితం.

వాళ్ల ఒక్కగానొక్క కొడుకు 2022 నవంబరులో పూతలపట్టు రోడ్డులో లారీ కింద పడి చనిపోయినాడు. నష్టపరిహారం కేసు వేసినారు. మూడు దఫాలుగా 18 వేలు కట్టినారు. "వాయిదాలకు మీరు రానక్కర్లేదు, మేడమ్ చూసుకుంటాది" అని చెప్పినారంట. ఆ మేడమ్ నేనే. ఆ ముసలామె నా మొహం పట్టి చూసి, "నువ్వేనా తల్లీ మా కేసు చూస్తా ఉండేది, ఫోటోలో ఇంకా సన్నగా ఉండావే" అనింది.

ఫోటో ఎక్కడిదంటే, వాళ్ల మనవడి ఫోన్‌లో "లాయర్ మేడమ్" అని ఒక వాట్సాప్ నంబరు ఉంది. డీపీలో నేను. 2015లో బార్ రూమ్ ముందర అందరం కలిసి తీయించుకున్న ఫోటోలోంచి నా తలకాయ ఒక్కటే కత్తిరించినారు. ఆ నంబరు నుంచి మెసేజీలు: "నేను కోర్టులో బిజీ, 3000 పంపండి, సాక్షి భత్యం కట్టాలి." నా జన్మలో నేను ఎవరినీ అట్ల డబ్బు అడగలేదు. అడగలేకనే సగం ఫీజులు పోగొట్టుకున్నదాన్ని.

వకాల్తాలో పేరు నాది, ఎన్‌రోల్‌మెంట్ నంబరు అంకెతో సహా నాది. "యాక్సెప్టెడ్" అన్న చోట సంతకం ఇంగ్లీషులో ఉంది. నేను ఎన్‌రోల్ అయిన రోజు నుంచి తెలుగులోనే సంతకం పెడతాను. మా సీనియర్ గారు కూడా ఎగతాళి చేసేవారు, బ్యాంకులో చెక్కు తిప్పి కొట్టినా మార్చుకోలేదు. ఆ మొండితనం ఇన్నాళ్లకు పనికొచ్చింది.

ఆ రాత్రి ఈ-కోర్ట్స్ తెరిచినాను, కోర్టు కేసుల వివరాలు వెతుక్కునే సైటు. చిత్తూరు జిల్లా పెట్టి, అడ్వకేట్ అన్న చోట బార్ నంబరుతో వెతికితే 12 కేసులు వచ్చినాయి. 5 నావే, పాతవి, ఎప్పుడో తీరిపోయినవి. మిగతా 7 నావి కావు. మూడు యాక్సిడెంట్ పరిహారం పిటిషన్లు, రెండు చెక్ బౌన్సులు, ఒక భరణం కేసు, ఒక భాగపరిష్కారం దావా. మొదటిది 2021లో వేసింది, చివరిది ఈ జనవరిలో, అంటే 2025లో. పేరు స్పెల్లింగు మూడు రకాలుగా ఉంది, నంబరు మాత్రం అన్నిట్లో ఒకటే.

ఎవరో నాకు తెలుసు. ఇక్కడే నోరు ఆడటం లేదు. మా సీనియర్ గారి గుమస్తా. సార్ 2020లో పోయినారు, ఆఫీసు మూతపడింది. 2016లో నేను మోజుపడి నా పేరు, నంబరు అచ్చు వేయించుకున్న వకాల్తా ఫారాలు 500 ఉండేవి. వంద కూడా వాడలేదు. ఆ కట్ట ఆఫీసు అటక మీద వదిలేసి వచ్చినాను. అది ఆయన చేతిలో పడింది. ఫైలింగ్ అంటే ఏమిటో నాకు నేర్పించింది ఆయనే. కోర్టు ఫీజు స్టాంపు ఏ మూల అంటించాలో, వెల్ఫేర్ స్టాంపు మర్చిపోతే ఎవరు తిప్పి కొడతారో, ఏ సెక్షన్‌లో ఎవరికి నమస్కారం పెట్టాలో అన్నీ.

ఆగలేక ఫోన్ చేసినాను. మొదట నాకేం తెలియదన్నాడు. తర్వాత ఏడ్చినాడు. "కాణిపాకంలో కోనేట్లో మునిగి తడిబట్టలతో ప్రమాణం చేస్తానమ్మా, ఒక్క రూపాయి తప్పుగా తినలేదు" అన్నాడు. చివరికి ఏమన్నాడంటే, "ఖాళీగా పడి ఉండే నంబరే కదమ్మా. మీ పేరు కోర్టులో బతికించినాను."

ఇంకొక ముల్లు ఉంది, దాచను. 2021 జూన్ నుంచి 2023 ఏప్రిల్ దాకా తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో జీతానికి పాఠాలు చెప్పినాను. బార్ కౌన్సిల్‌కు తెలియజేయలేదు. ప్రాక్టీసే లేదు కదా, ఎవరికి చెప్పాలి అనుకున్నా. ఆ ఏడింటిలో నాలుగు సరిగ్గా ఆ రెండేళ్లలో వేసినవే. అంటే కాగితాల లెక్కన నేను స్కూల్లో జీతం తీసుకుంటూ కోర్టులో కేసులు నడిపినట్టు.

మా ఆయన "ఎందుకు గొడవ, ఆయన చేత ఆ ఏడు వకాల్తాలు మార్పించేయ్, అయిపోతుంది" అంటున్నాడు. ముందు ఎక్కడికి పోవాలి, పోలీసుల దగ్గరికా, బార్ కౌన్సిల్‌కా, కోర్టుకా? నేను నోరు తెరిస్తే ఆ ముసలివాళ్ల కేసు ఏమవుతుంది? నా మెడకు చుట్టుకుంటుందా?

కట్టమంచి వకీలు:

అమ్మా, 27 ఏళ్లుగా చిత్తూరులోనే ప్రాక్టీసు. నువ్వెవరో నాకు తెలిసినట్టే ఉంది, అడగను.

మొదట తిట్టు. ఆయనకు ఎందుకు ఫోన్ చేసినావు? దొంగను నిద్ర లేపి "ఇల్లు సర్దుకో" అని చెప్పినట్టు అయింది. ఇంక చేయొద్దు. ఆయన చేస్తే ఎత్తొద్దు, మెసేజ్ చేస్తే చెరపొద్దు. ఆ మనవడి ఫోన్ జాగ్రత్త, కొత్త ఫోన్ కొని పాతది అమ్మేస్తారు ఈ పిల్లలు. డీపీ, మెసేజీలు, డబ్బు పంపిన ఫోన్‌పే వివరాలు ఈ వారమే తీసిపెట్టు.

మీ ఆయన సలహా అన్నిటికన్నా ప్రమాదం. వకాల్తాలు మార్చాలంటే పాత వకాల్తా మీద నువ్వు "అభ్యంతరం లేదు" అని సంతకం పెట్టాలి. పెట్టినావంటే ఆ వకాల్తా నీదేనని ఒప్పుకున్నట్టే. తర్వాత ఎవడైనా నీ మీద బార్ కౌన్సిల్‌కు 35వ సెక్షన్ కింద ఫిర్యాదు పెడితే, నీ సంతకమే నీకు ఎదురు సాక్ష్యం.

అదే చిక్కు సర్టిఫైడ్ కాపీల దగ్గరా ఉంది. రికార్డు ప్రకారం ఆ ఏడింటిలో వకీలు నువ్వే కాబట్టి కాపీ అప్లికేషన్ వేస్తే మారుమాట్లాడకుండా ఇస్తారు. ఆ హోదాలో వేయొద్దు. మూడో వ్యక్తిగా, అఫిడవిట్ పెట్టి, కోర్టు అనుమతితో తీసుకో. నాలుగు రోజులు ఆలస్యమైతే కానీ. ప్రిన్సిపల్ డిస్ట్రిక్ట్ జడ్జి గారికి ఒక లేఖ రాయి: ఈ ఏడు వకాల్తాలు నావి కావు, ఒరిజినల్స్ భద్రపరచండి అని. ఏ కోర్టులో ఏ నంబరో, సీఎన్ఆర్ అనే కేసు గుర్తింపు నంబరు 16 అక్షరాలూ తప్పుల్లేకుండా పట్టిక కట్టు. లేఖ రశీదు లేకుండా ఇవ్వొద్దు.

స్కూలు సంగతి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 49వ నియమం ప్రకారం పూర్తికాలం జీతం ఉద్యోగంలో చేరితే కౌన్సిల్‌కు చెప్పాలి, ఉద్యోగం ఉన్నన్నాళ్లు ప్రాక్టీసు ఆపాలి. నువ్వు ప్రాక్టీసు ఆపినావు, చెప్పడం మరిచినావు. నీ ఫిర్యాదు లేఖ రెండో పేరాలోనే అది నువ్వే రాసేయ్. స్కూల్ అపాయింట్‌మెంట్ కాగితం, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, హాజరు పట్టీ దొరికితే అది. నిజానికి ఆ ముల్లే నీకు కర్ర. వాయిదా రోజు పదిన్నరకు చిత్తూరు కోర్టులో హాజరైనట్టు డాకెట్‌లో, అంటే వాయిదాల రికార్డులో ఉంటే, అదే రోజు నువ్వు తిరుపతిలో ఏడో తరగతికి పాఠం చెప్తున్నావని రిజిస్టరు చెప్తుంది.

పోలీసులు. తేదీలు విడగొట్టు. 2024 జూలై 1కి ముందు జరిగిన వాటికి పాత శిక్షాస్మృతి ఐపీసీ: 419, 420, 468, 471. ఆ తర్వాతవాటికి భారతీయ న్యాయ సంహిత: మారుమనిషిగా మోసానికి 319, ఫోర్జరీకి 336, దొంగ కాగితం వాడినందుకు 340. పాత 419కి మూడేళ్లు, కొత్త 319కి అయిదేళ్లు. కోర్టు రికార్డులో ఉన్న కాగితం కాబట్టి కోర్టే ఫిర్యాదు చేయాలి, మేం కట్టలేం అని స్టేషన్‌లో ఎవరైనా అంటారు. బయట ఫోర్జరీ చేసి తెచ్చి కోర్టులో వేసిన కాగితానికి ఆ అడ్డంకి వర్తించదని ఇక్బాల్ సింగ్ మర్వా కేసులో 2005లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది, ప్రింటు తీసుకుపో. అయినా తీసుకోకపోతే ఎస్పీ గారికి రిజిస్టర్డ్ పోస్టు.

వాయిదాల్లో ఆ గుమస్తా కోటు వేసుకుని తనే నిలబడ్డాడా, ఇంకెవరైనా నిలబడ్డారా కనుక్కో. అడ్వకేట్ కానివాడు నిలబడితే అడ్వకేట్స్ చట్టం 45వ సెక్షన్, ఆరు నెలల దాకా. అంత చిన్న శిక్షకు ఏడాదిలోపే కేసు తీసుకోవాలి, దాని ఒక్కదాని మీదే ఆధారపడితే పాతవన్నీ జారిపోతాయి. నిలబడ్డవాడు నిజంగా మనవాడే, అంటే అడ్వకేటే అయితే వాడి సంగతి బార్ కౌన్సిల్‌లో.

ముసలివాళ్ల కేసు గురించి ఒక్కటే మాట, జాగ్రత్తగా విను. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే క్లెయిమ్ వేయాలని మోటారు వాహనాల చట్టం 166లో మళ్లీ గడువు వచ్చింది. ఆ పిటిషన్ పోతే ఇంకొకటి వేయలేరు. కాబట్టి నీ కోపంలో పిటిషన్నే కొట్టేయమని ఎక్కడా రాయొద్దు. దాని మీద సంతకాలు వాళ్లవి. పోవాల్సింది వకాల్తా ఒక్కటే. వాళ్లు కోర్టు అనుమతితో కొత్త వకీలును పెట్టుకుంటారు. ఆ వకీలు నువ్వు కావొద్దు. రేపు సాక్షి బోనెక్కాల్సినదానివి.

పాత శిరస్తదారు:

లాయరమ్మా, నేను కోర్టు డిపార్టుమెంటులో 34 ఏండ్లు చేసి రిటైరైనాను, పుత్తూరులో మొదలు, చిత్తూరులో ఆఖరు. ఫైలింగ్ సెక్షన్‌లోనే తొమ్మిదేండ్లు కూర్చున్నా. అందుకే ఇది ఎట్ల జరిగిందో అని నువ్వు ఆశ్చర్యపడద్దు. ఎందుకు ఇంకా ఎక్కువ జరగలేదా అని నేను ఆశ్చర్యపడతా.

మేం ఏం చూస్తామో చెప్తా. కోర్టు ఫీజు సరిపోయిందా, స్టాంపులు ఉండాయా, కాపీలు ఎన్ని, పేజీ నంబర్లు వేసినారా, వకాల్తాలో క్లయింటు సంతకమో వేలిముద్రో ఉందా, దాన్ని ధ్రువీకరించినారా. వకీలు సంతకం ఉందా అని చూస్తాం. వకీలుదేనా అని చూడం. రోజుకు అన్ని కట్టలు వస్తే ఎవడు పోల్చి చూస్తాడు, దేనితో పోలుస్తాడు? కట్ట తెచ్చేది గుమస్తా. గుమస్తా మొహం మాకు తెలుసు. ముప్పై ఏండ్లుగా ఆ మొహమే వస్తా ఉంటే, ఆ కట్ట మీద ఏ పేరుందో అని ఎవరూ అడగరు. మొహమే ముద్ర.

ఒక సంగతి గమనించు. మన వకాల్తా కింద ఇంకొక సంతకం ఉంటాది. "ఇందులోని విషయాలు తెలుగులో చదివి వినిపించినాము, కక్షిదారుకు అర్థమైనది" అని ధ్రువీకరించేది. సాధారణంగా ఇంకో అడ్వకేటు పెడతాడు. ఆ ఏడు వకాల్తాల మీద అక్కడ ఎవరు పెట్టినారో చూడు. నీ సంతకం దొంగది కావచ్చు, అది అసలుదే అయ్యుండొచ్చు. కళ్లు మూసుకుని పెట్టిన పెద్దమనిషి ఎవరో తేలితే సగం కథ ఆయనే చెప్తాడు.

ఆ గుమస్తా గురించి నేను మంచి మాట చెప్తే వకీలు గారికి కోపం వస్తాది. చెప్పకుండా ఉండలేను. సీనియరు పోతే జూనియర్లకు ప్రాక్టీసు చేసుకునే సనదు ఉంటాది, గుమస్తాకు ఏముంటాది? పల్లెల్లోంచి కక్షిదార్లు ఆయన ఇంటికే వస్తారు, సార్ ఇంటికి కాదు. ఆయన అప్పుడే ఒక మంచి వకీలు దగ్గర చేరి ఉంటే ఆ ఏడు కేసులు న్యాయంగానే నడిచేవి. చేరలేదు, అత్యాశ పట్టింది. కాణిపాకం మాట ఎత్తినాడు చూడు, అదే నాకు నచ్చలా. ఆ స్వామి ముందర ప్రమాణానికి నిజంగా పోయేవాడు ముందుగా ఫోన్‌లో చెప్పడు.

ఎస్వీయూ లా, మూడో ఏడు:

అక్కా, నేను ఇంకా చదువుకుంటున్నా, తప్పైతే పెద్దలు దిద్దండి.

ఇలాంటిది మనకొక్కరికే కాదు. 2021లో కేరళలో అలప్పుళలో ఒకామె లా డిగ్రీ పూర్తి చేయకుండానే తిరువనంతపురంలో ఇంకో అడ్వకేట్ ఎన్‌రోల్‌మెంట్ నంబరు పెట్టుకుని రెండేళ్లకు పైగా ప్రాక్టీసు చేసింది. కోర్టు ఆమెను అడ్వకేట్ కమిషనర్‌గా, అంటే కోర్టు తరఫున పోయి చూసివచ్చే లాయరుగా కూడా నియమించింది. బార్ అసోసియేషన్ ఎన్నికల్లో లైబ్రేరియన్‌గా గెలిచింది కూడా! ఆకాశరామన్న ఉత్తరం వచ్చేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. 2023లో కెన్యాలో ఇంకో విడ్డూరం. అక్కడి లా సొసైటీ వెబ్‌సైటులో తన పేరే ఉన్న ఒక లాయరు ఖాతాలో ఒకడు తన ఫోటో, తన వివరాలు పెట్టేసుకున్నాడు. అసలాయన చాలాకాలంగా ఆ ఖాతా వాడలేదు. లైసెన్సు కోసం లోపలికి పోదామంటే తలుపు తెరుచుకోలేదు, అప్పుడు బయటపడింది. అక్కా, అక్కడా మీలాగే, వాడకుండా వదిలేసిన పేరు.

2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన కేసు ఇంకా వింత. పిటిషన్ వేసిన మనిషే వచ్చి "నేను వేయలేదు, ఈ లాయర్లు నాకు తెలియదు" అన్నాడు. దాన్ని సీబీఐకి ఇచ్చారు. ఏ వాయిదాకైనా ఆ రోజు హాజరై వాదించే అధికారం ఉన్న లాయర్ల పేర్లే రికార్డులో పడాలని కూడా చెప్పారు.

నా అభిప్రాయం ఐటీ చట్టం 66సీ కూడా పెట్టించాలి. ఇంకొకరి విశిష్ట గుర్తింపును మోసంగా వాడటం, మూడేళ్లు, లక్ష దాకా జరిమానా. ఎన్‌రోల్‌మెంట్ నంబరు కన్నా విశిష్ట గుర్తింపు ఏముంటుంది? సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయొచ్చు కదా?

ఇంకొకటి. ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో మీ బార్ నంబరు మీద ఖాతా ఉందో లేదో ఇవాళే చూడండి. లేకపోతే మీరే తెరవండి. ఆయనకు ఆ ఆలోచన రాకముందే.

కట్టమంచి వకీలు:

బాబూ, ఈ-ఫైలింగ్ మాట బంగారం, నాకు తట్టలేదు. 66సీ వేయించొచ్చు, వాదించేవాడికి పని దొరుకుతుంది. నాకైతే 66డీ గట్టిగా కనిపిస్తోంది. ఫోన్‌లో ఆమె ఫోటో పెట్టి, ఆమెలాగా రాసి డబ్బు తీసుకున్నాడు, కంప్యూటరో ఫోనో వాడి మారుమనిషిగా మోసం అంటే అదే. ఈ చట్టం కింద కేసు ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారే దర్యాప్తు చేయాలి, అమ్మాయికి అదొక మేలు. 1930 డబ్బు అప్పుడే పోయినవాళ్లకు, ఖాతా ఆపించడానికి. మూడేళ్ల కిందటి 18 వేలకు దాంతో పని లేదు.

కెన్యా కథ బార్ రూమ్‌లో చెప్పినా, ఎవరూ నమ్మలా.

బంగారుపాళ్యం మామిడి:

అన్నలకు, అక్కలకు నమస్తే. నేను లాయర్ని కాదు, మామిడి తోట ఉండాది. కోర్టు అంటే చెట్టు కింద కూర్చునే జాతి మాది. ఆ ముసలోళ్లు మాట్లాడరు కాబట్టి వాళ్ల తరఫున నేను చెప్తా.

మా నాయనకు గట్టు తగాదా. చిత్తూరులో ఒకాయన నల్లకోటేసుకుని కోర్టు కాంపౌండులోనే వేపచెట్టు కింద బైక్ మీద కూర్చుని ఉంటాడు. ఆఫీసు లేదు. "ఆఫీసు పెడితే అద్దె మీరే కట్టాల, నాకెందుకు" అంటాడు. మా నాయనకు ఆ మాట శానా నచ్చింది. నాలుగేండ్లు తిప్పినాడు. ఫీజులు కాకుండా తోతాపురి సీజన్‌లో రెండు పెట్టెలు, బంగినపల్లి ఒక పెట్టె, ఏటా. చివరికి ఒక రోజు నేను కోర్టు హాల్లోకి పోయి బెంచి క్లర్కును అడిగితే ఆ నంబరు కేసే వేరే వాళ్లది. మా కేసు ఎప్పుడూ వేయనే లేదు. వాయిదా తేదీలు వాడే కాగితం మీద రాసిచ్చేవాడు, మేం దాన్ని దేవుడి పటం వెనక దాచిపెట్టేవాళ్లం. వాడు నిజం లాయరో దొంగ లాయరో ఈ రోజుకీ తెలీదు. నాకైతే రెండూ ఒకటే.

మాకు ఎవరూ చెప్పలేదు, ఆ కేసు నంబరు ఫోన్‌లో కొట్టి చూసుకోవచ్చని. తెలుసుకున్నాక మా ఊర్లో పదిమందికి యాప్ ఎక్కించినా. ఇద్దరి కేసులు లేవు. ఒకాయన కేసు ఉండాది కానీ మూడేండ్ల కిందటే ఎవరూ హాజరు కాలేదని డిఫాల్ట్‌లో కొట్టేసినారు, ఆయన ఇంకా వాయిదాలకు డబ్బు కడతానే ఉండాడు.

అక్కా, మీ గుమస్తా కేసులైతే వేసినాడు కదా. ఆ ముసలోళ్లు మా నాయన కన్నా అదృష్టవంతులు. వాళ్లకు ఉచితంగా లాయర్ని ఇస్తారంట కదా, కోర్టులోనే న్యాయసేవా సంస్థ, 15100 అని నంబరు ఉండాది. మాకు అక్కడే ఒక మేడమ్ దొరికింది. ఆమె మొదటిరోజే ఐడీ కార్డు తీసి మా నాయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తిరగేసి, మరగేసి చూసి, "ఫోటో బాగా పడలేదమ్మా" అన్నాడు.

బైరాగిపట్టెడ లాయరమ్మ:

అయిదు వారాలైంది. అందరూ అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా.

ఈ-ఫైలింగ్ ఖాతా ఆ రాత్రే తెరిచినాను. నా నంబరు మీద అప్పటికి ఎవరూ తెరిచి ఉండలేదు. తమ్ముడూ, నీకు రుణపడి ఉన్నా.

మరుసటి సోమవారం చిత్తూరు పోయినాను. ఎనిమిదేళ్ల తర్వాత అదే ఏడున్నర బస్సు. కోటు వేసుకోలేదు, చీర కట్టుకుని కక్షిదారులాగా పోయినాను. జడ్జి గారికి లేఖ ఇచ్చినాను, కాపీ అప్లికేషన్లు అఫిడవిట్లతో వేసినాను. అన్నిటికీ తెలుగులో సంతకం పెడుతుంటే కౌంటర్ దగ్గర అబ్బాయి "మేడమ్, ఇంగ్లీషులో పెట్టరా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కాపీలు నిన్న చేతికొచ్చినాయి. ఏడింటిలో అయిదు నా అచ్చు ఫారాలే, 2016 నాటి ప్రెస్ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంది. రెండు మామూలు ఫారాలు, నా నంబరు పెన్నుతో రాసినారు. శిరస్తదారు గారూ, మీరు చెప్పింది నిజం. ధ్రువీకరణ సంతకం ఏడింటి మీదా ఒక్కరిదే. నాతో పాటు జూనియర్‌గా చేసిన అతను. ఇప్పుడు బార్‌లో మంచి పేరు ఉంది. వాయిదాల్లో నిలబడింది కూడా చాలాసార్లు అతనేనంట. సగం ఫీజు అతనికి. ఫోన్ చేసినాడు, "నీ మేలు కోసమే, పేరు యాక్టివ్‌గా ఉంటుందని" అన్నాడు. మళ్లీ అదే మాట. వకీలు గారు చెప్పినట్టు ఎత్తకుండా ఉండాల్సింది, అలవాటు కొద్దీ ఎత్తేసినాను.

బార్ కౌన్సిల్‌కు లేఖ పోయింది. రెండో పేరాలో స్కూలు. హాజరు పట్టీ కోసం స్కూలుకు పోతే హెడ్‌మాస్టర్ గారు "ఎందుకమ్మా, మళ్లీ చేరతావా" అని సంతోషపడినారు. నాలుగు వాయిదా తేదీలు సరిపోల్చినాను. మూడు రోజులు నేను స్కూల్లో ఉన్నాను. నాలుగో రోజు సెలవు పెట్టినాను, బాబుకు జ్వరం. ఆ ఒక్క రోజుకు ఆసుపత్రి చీటీ కోసం ఇల్లంతా వెతుకుతున్నాను. ఒకవేళ దొరక్కపోతే ఆ తేదీ గురించి అఫిడవిట్‌లో ఎలా రాయాలో వకీలు గారు చెప్పాలి.

పోలీసు ఫిర్యాదు ఇచ్చినాను. సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికింది. ఆ గుమస్తా కూతురు పెళ్లికి నేను పోయి వచ్చినదాన్ని.

ముసలివాళ్లను న్యాయసేవా సంస్థ దగ్గరికి నేనే తీసుకుపోయినాను. ఒక పాప, నాలుగేళ్ల ప్రాక్టీసు, కేసు తీసుకుంది. చురుకైన పిల్ల. కొత్త వకాల్తా రాసింది, చదివి వినిపించింది, నిజంగానే చదివి వినిపించింది. వేలిముద్ర వేయమంటే ఆ ముసలామె వేయదే. కాగితం అటు తిప్పి ఇటు తిప్పి, నా పేరు ఎక్కడుందో చూపించమంటుంది. నా పేరు ఉండకూడదని, ఎందుకు ఉండకూడదో అరగంట చెప్పినాను. అన్నీ విని, "మూడేండ్లుగా నీ పేరే చెప్పుకుంటా ఉండాము కదా తల్లీ" అనింది.

చివరికి వేసింది. వచ్చే నెల 14న వాయిదా.